అప్‌డేట్: ఇక్తియోసార్, ప్లీసియోసార్ పోరు నిజంగా సాధ్యమేనా?

జూల్స్ వెర్న్ 1864లో రాసిన భూగర్భ యాత్ర నవలలో తెప్ప పక్కనే ఇక్తియోసార్, ప్లీసియోసార్ అనే రెండు సముద్ర రాకాసులు (డైనోసార్ల కాలపు సముద్ర సరీసృపాలు) కొట్టుకుంటాయి కదా, అందులో నిజమెంత అని అడిగాను. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్. మీరు చెప్పినవన్నీ పక్కన పెట్టుకుని ఆ అధ్యాయం మా అమ్మాయితో కలిసి మళ్లీ చదివాను.

ఆ రెండు జాతులూ ఒకే కాలంలో బతికాయి. ఇంగ్లండ్‌లోని లైమ్ రీజిస్ తీరపు రాళ్లలో, శిలాజాలు వెతికే మేరీ ఆనింగ్‌కు రెండింటి అస్థిపంజరాలూ దొరికాయి. ప్లీసియోసార్‌ది 1823లో. కాబట్టి ఎదురుపడటం సాధ్యమే. ఇక్తియోసార్ కన్ను మనిషి తలంత ఉందని వెర్న్ రాస్తే అతిశయోక్తి అనుకుంటాం గానీ, టెమ్నోడాంటోసారస్ అనే ఇక్తియోసార్ కన్ను 20 సెంటీమీటర్లు దాటేదట! నాకు బాగా నచ్చింది ఇదే.

వెర్న్ అలా రాసినా, ప్లీసియోసార్‌కు తాబేలు డిప్ప మాత్రం లేదు. మెడను హంసలా నీటిపైకి నిలువునా లేపడమూ కుదిరేది కాదు. అయినా ఆ వర్ణన చదువుతుంటే ఒళ్లు జలదరిస్తుంది, అందులోంచి ఒక్క వాక్యం తీసేయాలన్నా నేను ఒప్పుకోను.

మా అమ్మాయి ఇప్పుడు మోససార్లనే సముద్ర సరీసృపాల గురించి అడుగుతోంది. అవి క్రెటేషియస్ (డైనోసార్ల యుగపు ఆఖరి దశ) చివరి కాలానివి, వాటితో మంచి సాహస కథలుంటే చెప్పండి.