వెండి ఇంకు ఆరబెడితే షీటు వంకరపోతోంది, ఏం చేయాలి?

మాది మిర్యాలగూడ, శుభలేఖలు వేసే స్క్రీన్ ప్రింటింగ్ షాపు. బోరు మోటారు స్టార్టర్ బాక్సులకు మెంబ్రేన్ కీప్యాడ్లు (పల్చటి షీటు మీద నొక్కే బటన్లు) చేద్దామని పాలిస్టర్ షీటు మీద వెండి ఇంకుతో కరెంటు ప్రవహించే గీతలు వేస్తున్నా. 120 డిగ్రీల్లో ఆరబెడితే రెసిస్టెన్స్ బాగా తగ్గుతోంది, కానీ షీటు ముడుచుకుపోతోంది. 80కి తగ్గిస్తే షీటు బాగుంటోంది, రెసిస్టెన్స్ పెరుగుతోంది. సాల్వెంట్ (ఇంకును పల్చన చేసే ద్రవం) లోపలే మిగిలిపోయి వెండి రేణువులు ఒకదానికొకటి సరిగ్గా ఆనడం లేదనుకుంటా.

ఖాళీ షీటును ముందే వేడిచేసి, ముడుచుకున్నాక ప్రింట్ వేస్తే నయమా? లేక తక్కువ వేడిలోనే ఎక్కువసేపు ఉంచాలా? రాగి ఇంకు చవకే గానీ గాలి తగిలి ఆక్సైడ్ పడితే కరెంటు సరిగా పోదు, అందుకే అటు వెళ్లలేదు. వెండి ధర చూస్తే మాత్రం పాడైన ప్రతి షీటుకూ టెన్షనే. మడత పడేచోట గీత చిట్లకుండా పైన కార్బన్ ఇంకు వేసి చూసినవాళ్లు ఉంటే అదీ చెప్పండి.