అమ్మమ్మ ఫోటోకి రంగులు వేయించడం తప్పా?

బందరు మనవరాలు:
అమ్మమ్మ పెళ్లినాటి ఫోటో మాకు ఒక్కటే మిగిలింది. ఏళ్ల తరబడి ట్రంకుపెట్టెలో ఉండి చెమ్మ తగిలింది. ఒక మూలంతా బూజు, మధ్యలో మడత. ఫోన్‌లో యాప్‌తో బాగుచేసి, రంగులు వేసి, అమ్మ పుట్టినరోజుకి ఫ్రేమ్ కట్టించాను. అమ్మ చాలాసేపు చూసి "బాగుందే, కానీ ఇది మా అమ్మ కాదు" అంది. గడ్డం మీద పచ్చబొట్టు లేదు. మరక అనుకుని యాప్ తుడిచేసింది. చామనచాయ మనిషిని తెల్లగా చేసేసింది. తమ్ముడేమో "ముఖం స్పష్టంగా కనిపిస్తోంది కదా, ఇంకేం కావాలి" అంటున్నాడు. నాకు మనసు ఒప్పుకోవడం లేదు. అసలు రంగులు వేయడమే తప్పా, నేను వేసిన పద్ధతి తప్పా?

వరంగల్ వాసి:
రంగులు వేయడమే తప్పంటాను. మడత పోగొట్టడం, బూజు తీయడం వేరు. అక్కడ ఉన్నదాన్ని కాపాడుకుంటున్నాం. బ్లాక్ అండ్ వైట్‌లో రంగు లేనే లేదు. ముదురు ఎరుపు చీర, ముదురు ఆకుపచ్చ చీర రెండూ ఒకే బూడిదరంగులో పడొచ్చు. యాప్ తాను చూసి నేర్చుకున్న ఫోటోల్లో ఏది ఎక్కువగా ఉంటే అదే పూస్తుంది. కంబోడియాలో ఖ్మేర్ రూజ్ పాలనలో ట్యూల్ స్లెంగ్ జైల్లో చంపేసిన ఖైదీల ఫోటోలకు ఒకాయన రంగులు వేసి, కొన్ని ముఖాలకు నవ్వులు కూడా తగిలించాడు. అవి 2021లో వైస్ పత్రికలో వచ్చాయి. కంబోడియా సాంస్కృతిక శాఖ మండిపడితే గానీ తీసేయలేదు. చావు ఎదురుగా నిలబడ్డ మనిషికి నవ్వు పెట్టడం కంటే అన్యాయం ఉంటుందా?

గోదారి గట్టు:
అంత దూరం ఎందుకండీ. 1957 నాటి మాయాబజార్‌ని 2010లో రంగుల్లో విడుదల చేశారు. నాన్నతో వెళ్లి చూశాను, ఆయన కళ్లు చెమర్చాయి. పాత సినిమాకి పోయిందేమీ లేదు, అది అలాగే ఉంది.

పాత కెమెరా:
ముప్పై ఏళ్లు స్టూడియోలో పనిచేశాను. నలుపు తెలుపు నిజం, రంగు అబద్ధం అనుకోకండి. నెగెటివ్ మీద సన్నటి పెన్సిల్‌తో మచ్చలు కప్పేవాళ్లం. ప్రింటు మీద కుంచెతో నగలకు పసుపు, పెదాలకు ఎరుపు అద్దేవాళ్లం. ఇంకా పాతకాలంలో ఫిల్ముకి బదులు వాడిన గాజు ప్లేట్లకు ఎరుపు అందేది కాదు. కుంకుమ నల్లగా, ఒంటి రంగు ఉన్నదానికంటే ముదురుగా పడేది. అందుకే చాయ విషయంలో ఫోటో కంటే మీ అమ్మగారి మాటే నమ్మండి తల్లీ.

ఒక్కటి మాత్రం చెప్పాలి. మేం కుంచె పట్టేముందు అడిగేవాళ్లం. "చీర ఏ రంగమ్మా, అంచు ఏది?" అని. ప్రింటు వెనక రాసుకునేవాళ్లం: అరిటాకు పచ్చ, మిరపపండు అంచు. యాప్ ఎవర్నీ అడగదు.

మళ్లీ మొదటినుంచి చేయండి. అసలు ఫోటోని 600 డీపీఐలో, అంటే అంగుళానికి 600 చుక్కల వివరంతో, స్కాన్ చేసి, ఆ ఫైలు ముట్టుకోకుండా దాచండి. పనంతా కాపీ మీదే. బూజుని తడిగుడ్డతో తుడవొద్దు, పైనున్న జిలటిన్ పొర మెత్తబడి బొమ్మే లేచిపోతుంది. ఒక్కో చుక్కనీ పెద్దది చేసి, అది కాగితం మీద మచ్చా, మనిషి మీద మచ్చా చూశాకే చెరపండి.

వరంగల్ వాసి:
అడిగి వేస్తే నాకు అభ్యంతరం తగ్గుతుంది, పోదు. సినిమా పాత ప్రింటు అందరి దగ్గరా ఉంటుంది. ఇంట్లో గోడకి ఎక్కేది ఒక్క ఫోటోనే. రేపు పిల్లలకు ఆ రంగుల ముఖమే అమ్మమ్మ. కనీసం అసలుది పక్కనే పెట్టండి.

బందరు మనవరాలు:
ఆదివారం అమ్మనీ పిన్నినీ కూర్చోబెట్టాను. చాయ విషయంలో ఇద్దరిదీ ఒకటే మాట. చీర దగ్గర మాత్రం అమ్మ వంగపండు రంగంది, పిన్ని నేరేడు రంగంది. గంటసేపు వాదించుకున్నారు. నేను ఎప్పుడూ వినని సంగతులెన్నో ఆ గంటలోనే విన్నాను. చివరికి చీర జోలికి పోలేదు, బూడిదరంగులోనే ఉంచేశాను. రెండు ఫోటోలూ ఒకే ఫ్రేములో పక్కపక్కన పెట్టించాను. కొత్త స్కాన్ పెద్దది చేస్తే పచ్చబొట్టు తేటగా కనిపించింది. ఒక్కటి కాదు, మూడు చుక్కలు. మూడో చుక్క సంగతి అమ్మకీ గుర్తులేదు.