కణాలను నియమించడమా, రప్పించడమా?

అడయారు నుంచి:
అందరికీ నమస్కారం. ఇక్కడ చెన్నైలో మా తెలుగువాళ్ల చిన్న పత్రికకు, క్యాన్సర్ మీద పరిశోధనలో ఉన్న ఇంజెక్షన్ హైడ్రోజెల్స్ గురించి రాస్తున్నాను. సూదితో చర్మం కిందికి ఇచ్చిన జెల్ అక్కడే కుదురుకుని, డెండ్రైటిక్ కణాలనే రోగనిరోధక కణాలను తన దగ్గరికి రిక్రూట్ చేస్తుంది. నిఘంటువులో ‘నియామకం’ అని ఉంది. ‘డెండ్రైటిక్ కణాల నియామకం’ అని రాస్తే గ్రూప్ 2 నోటిఫికేషన్‌లా ఉంది. ‘ఆకర్షణ’ అంటే అయస్కాంతం గుర్తొస్తోంది. ఏం వాడమంటారు?

వేళచ్చేరి నుంచి:
‘రప్పించడం’ అనండి. హోటల్ నుంచి భోజనం తెప్పిస్తాం, ఊరి నుంచి అమ్మమ్మను రప్పిస్తాం. అమ్మమ్మను తెప్పించామని అంటే ఇంట్లో గొడవే! తనంతట తాను రాగలిగినవాళ్లనే రప్పిస్తాం. జెల్ చేసే పనీ అదే. అందులో జీఎం-సీఎస్ఎఫ్ అనే ప్రోటీన్ నింపుతారు. అది మెల్లగా బయటికి ఊరుతుంది కాబట్టి జెల్ దగ్గర చిక్కగా, దూరం పోయేకొద్దీ పలచగా ఉంటుంది. చిక్కగా ఉన్న వైపుకు డెండ్రైటిక్ కణాలు పాకుతూ వస్తాయి. ఎవరూ మోసుకురారు. జెల్ రంధ్రాల్లోకి దూరి, అక్కడ పెట్టిన కణితి ఆనవాళ్లను పట్టుకుని లింఫు గ్రంథులకు పోయి, క్యాన్సర్ కణాలను చంపగలిగే టీ కణాలకు చూపిస్తాయి. వచ్చిన చోట ఉండనే ఉండవు, ఇక నియామకం ఎక్కడిది?

క్యాన్సర్‌కు వాడే కార్-టీ అనే చికిత్స వేరు. రోగి రక్తంలోంచి టీ కణాలను తీసి, ల్యాబ్‌లో మార్చి, పెంచి, తిరిగి ఒంట్లోకి పంపుతారు. దానికి ‘ఎక్కించడం’ ఉండనే ఉంది, సెలైన్ ఎక్కించారు అన్నట్టు.

పెరంబూరు నుంచి:
‘సమీకరణ’ బాగుండదా అండీ? గంభీరంగా ఉంటుంది.

వేళచ్చేరి నుంచి:
జనసమీకరణ అనగానే లారీల్లో తోలుకురావడమే కదండీ మనకు తెలిసింది. ఇక్కడ లారీలు లేవు.

ఇంకోటి, హైడ్రోజెల్‌ని ‘జిగురు’ అని మాత్రం రాయకండి. జిగురు అతికించడానికి. దీని గుణం నీళ్లు పీల్చుకుని పట్టి ఉంచడం. 1960లో ప్రేగ్‌కి చెందిన శాస్త్రవేత్తలు విష్టర్లె, లిమ్ ‘నేచర్’ పత్రికలో రాసిన జెల్ నుంచే మెత్తటి కాంటాక్ట్ లెన్స్ వచ్చింది. జిగురైతే కంట్లో పెట్టుకుంటామా? మన జిగర్‌తండా అనే చల్లటి పానీయంలో వేసే బాదం పిసిన్ (బాదం చెట్టు బంక) ఉదాహరణ ఇవ్వండి, రాత్రి నానబెట్టిన పలుకు పొద్దునకు ఎంత ఉబ్బుతుందో ఇక్కడివాళ్లందరికీ తెలుసు. ఈ జెల్స్‌కి తరచూ వాడే ఆల్జినేట్‌ని గోధుమరంగు సముద్రపు నాచు నుంచి తీస్తారు. రామేశ్వరం వైపు ఏరే సర్గాసం ఆ రకానిదే.

అడయారు నుంచి:
ధన్యవాదాలండీ. హార్వర్డ్‌లో డేవిడ్ మూనీ బృందం చేసిన క్రయోజెల్ గురించీ రాస్తున్నాను. స్పాంజిలా ఉండే ఆ జెల్ సూదిలో నలిగి, లోపలికి వెళ్లాక మళ్లీ తన ఆకారానికి వస్తుంది.

పెరంబూరు నుంచి:
ఇలాంటి ఫలితాలు చాలావరకు ఎలుకల్లో వచ్చినవేనని మొదటి పేరాలోనే రాయండి. లేకపోతే పాపం, ఎవరో ఒకరు రేపే ఆస్పత్రికి పోయి ఆ ఇంజెక్షన్ వేయమంటారు.

అడయారు నుంచి:
తప్పకుండా. చివరి సందేహం: ‘జెల్ చేత రప్పించబడిన కణాలు’ అనొచ్చా?

వేళచ్చేరి నుంచి:
ఆ ‘బడు’ మనకెందుకండీ. ‘జెల్ రప్పించిన కణాలు’ చాలు.