శ్రీలంక తమిళులు ఈళం (వేరే దేశం) అడగడం న్యాయమేనా? 'శ్రీ' దగ్గర మొదలైన గొడవ

రమణమూర్తి: శ్రీలంకలో బళ్ల నంబరు ప్లేట్ల మీద సింహళ అక్షరం 'శ్రీ' పెట్టారని దేశాన్నే చీల్చమంటారా? 1957లో అలా పెట్టడం తప్పే, సరే. దానికి తుపాకీ పట్టాలా?

సరళ, టొరంటో: శ్రీ ఒక్కటేనా అండీ? 1956లో సింహళమే అధికార భాష అన్నారు. 70ల్లో యూనివర్సిటీ సీట్లకి తమిళ పిల్లలకి కటాఫ్ పెంచారు. 1981లో తమిళుల ఊరు జాఫ్నాలో లైబ్రరీ తగలబెడితే 95 వేలకు పైగా పుస్తకాలు పోయాయి. 1983 జులైలో కొలంబోలో ఓటర్ల జాబితాలు పట్టుకుని తమిళుల ఇళ్లు వెతికారు. మా పక్కింటావిడకి అప్పుడు ఎనిమిదేళ్లు, ఇప్పటికీ టపాసులు పేలితే తలుపులేసుకుంటుంది.

రమణమూర్తి: నేనడిగింది శ్రీ గురించి. 1958లో ప్లేట్ల మీద ఆ శ్రీకి తారు పూసిందెవరు, తమిళులు కాదా?

చిన్నా: గురువుగారు ప్లేటు వదలరు

వహీద్: 1990 అక్టోబరు ఎవరూ ఎత్తరేం? జాఫ్నా ముస్లింలకి రెండు గంటల టైమిచ్చి ఊరొదిలి పొమ్మన్నది సైన్యం కాదు, ఈళం కోసం తుపాకీ పట్టిన టైగర్లు (ఎల్టీటీఈ). ఆ ముస్లింలు మాట్లాడేదీ తమిళమే కదా.

సరళ, టొరంటో: అది ఘోరం, కాదనను. కానీ దాన్ని చూపించి 1983ని మాఫీ చేయకండి.

రమణమూర్తి: మాఫీ చేసిందెవరు? మా పెదనాన్న 1987లో మన దేశం పంపిన శాంతి సేనలో వెళ్లాడు. తమిళుల్ని కాపాడ్డానికే అన్నారు, దిగినప్పుడు జాఫ్నాలో దండలు కూడా వేశారట. అక్టోబరుకి టైగర్లతోనే పోరు, మందుపాతర. ఇంటికి ట్రంకు పెట్టె వచ్చింది, మూత మీద తెల్ల రంగుతో పేరు. చదువు రాని నానమ్మ ఆ అక్షరాల మీద వేలు పెట్టి, ఇది వాడి పేరేనా అని వచ్చినవాళ్లందర్నీ అడిగేది.

సరళ, టొరంటో: బాధగా ఉందండీ. అదే నెల, దీపావళినాడు, జాఫ్నా ఆసుపత్రిలో మన సైన్యం కాల్పుల్లో డాక్టర్లు, నర్సులు, రోగులు పోయారు. అదీ చెప్పాలిగా.

రమణమూర్తి: అంటే మా పెదనాన్న హంతకుడా?

సరళ, టొరంటో: ఆ మాట నేననలేదు. ఆయన పేరు చెక్కడానికి స్తూపమైనా ఉంది. పక్కింటావిడ తమ్ముడు 2009 మేలో, యుద్ధం ముగిసిన ముళ్లివాయ్క్కాల్‌లో, శ్రీలంక సైన్యానికి లొంగిపోయాడు, మళ్లీ కబురు లేదు. చచ్చాడన్న కాగితం కూడా ఇవ్వలేదు.

రమణమూర్తి: టైగరేనా?

సరళ, టొరంటో: అవును. టైగర్లు ఇంటికొకర్ని పంపమంటే వెళ్లాడు.

రమణమూర్తి: అయితే నాకు జాలి రావట్లేదమ్మా. అబద్ధమాడలేను.