గుడి వెనక తోపు: అడవా, వేసిన తోటా?

బ్రాడీపేట మాస్టారు:
గుంటూరుకు గంట దూరంలోని మా అమ్మగారి ఊరి శివాలయం చరిత్ర రాస్తున్నాను. గుడి వెనక మూడెకరాల చిల్లర తోపు ఉంది. ‘దేవుడి అడవి’ అంటారు, పుల్ల విరవనివ్వరు. గ్రామ కైఫీయతులో, అంటే కరణాలు చెప్పగా రాసిన ఊరి చరిత్రలో, ‘వనం’ అని ఉంది. ధ్వజస్తంభం పక్కనున్న శాసనంలో మాత్రం ‘తోంట’ అని చదివాను. అంటే ఎవరో వేయించి దేవుడికి ఇచ్చిన తోట. అనాదిగా ఉన్న అడవి కాదు.

కొండవీడు బాట:
మాస్టారూ, మాదీ ఆ ఊరే. ఆ రాయికి మూడు పూతల సున్నం, పైన ఆయిల్ పెయింటు. ‘తో’ తర్వాత రాయి పెచ్చు లేచిపోయింది. అది ‘తోడి’ (‘తో కూడిన’) ఎందుకు కాకూడదు?

మిర్చియార్డు:
ఒక్క అక్షరానికి ఇంత గొడవా!

బ్రాడీపేట మాస్టారు:
సున్నం గీకితే అక్షరమూ ఊడొస్తుందని ముట్టుకోలేదు. పొద్దున ఆరున్నరకు ఎండ ఏటవాలుగా పడేటప్పుడు బియ్యప్పిండి అద్ది చూశాను. ‘తో’ పక్కన సున్న ఉంది, వేలికి తగులుతోంది. సున్న ఉంటే ‘తోడి’ కాదు. కింది పంక్తిలో ‘ఖ 1’ ఉంది. ఖ అంటే ఖండుగ, భూమి కొలత. మంగళగిరి శాసనంలో కృష్ణదేవరాయలు కొండవీడు పట్టుకున్నది శక 1437 అని ఉంది. 78 కలిపితే క్రీ.శ. 1515, తగవే లేదు. మనదాంట్లో శకం అంకెలే ఎగిరిపోయాయి.

ఇక కైఫీయతంటారా, కంపెనీ సర్వేయరు మెకంజీ మనుషులు కరణాలు చెప్పింది రాసుకున్నారు. మెకంజీ పోయిందే 1821లో. శాసనం ముందు అదెంత?

కొండవీడు బాట:
కరణం వాళ్ల తాత చూసింది చెప్పి ఉంటాడు, అదీ సాక్ష్యమే. తోటయితే మామిడో కొబ్బరో ఉండాలి కదండీ! అక్కడున్నవి ఊడుగ, పాల, బలుసు. ఎవరు నాటతారు వాటిని? పైగా 1832–33 నందన కరువుకు గుంటూరు సీమలో ఊళ్లకు ఊళ్లే ఖాళీ అయ్యాయి. ఆ రెండేళ్లు మీ తోటకు నీళ్లెవరు పోశారు?

కృష్ణలంక:
తోట పాడుపడితే ఊడుగ, బలుసు వాటంతట అవే మొలవవా?

బ్రాడీపేట మాస్టారు:
మా అమ్మ చిన్నప్పుడు ఆ తోపులో ఎండుపుల్లలు ఏరిందని రచ్చబండ దగ్గర నిలబెట్టి అపరాధం వేశారు. పవిత్రమట! వేసిన తోటకి ఏం పవిత్రం?

కొండవీడు బాట:
అదీ సంగతి. మీ అమ్మగారి కోపం రాయి మీద చదువుతున్నారు.

బ్రాడీపేట మాస్టారు:
నోరు అదుపులో పెట్టుకో అబ్బాయ్. తోపుకు తూర్పు హద్దు మీ పొలమేగా? నీకెందుకంత ఉలుకు?

కొండవీడు బాట:
ఉలుకే! మా నాన్న శిస్తు కట్టిన అరెకరాన్ని దేవుడి భూమని 22-ఏ నిషేధిత జాబితాలో పెట్టారు. రిజిస్ట్రేషన్ ఆగింది, దాంతో చెల్లి పెళ్లి ఆగింది. ‘తోంట, ఖ 1, దేవునికి ఇచ్చినది’ అని మీరు పుస్తకం వేస్తే రేపు దాన్నే మా మీద కాగితంగా పెడతారు. అడవయితే ఎవరూ ఎవరికీ ఇచ్చింది కాదు.

మిర్చియార్డు:
ఈ ముక్క మొదటే చెప్పొచ్చుగా అన్నా.

బ్రాడీపేట మాస్టారు:
ఉన్న అక్షరం లేదని రాయలేను బాబూ. కానీ ఖండుగ ఎక్కడిదో, హద్దులేమిటో పైన లేదు. అవి శాసనాల్లో చివర్లో చెక్కుతారు. ఈ రాయి చివర గచ్చులోకి దిగిపోయింది. నీ పొలం అందులో లేదనీ తేలొచ్చు. ఆ గచ్చు ఎవరు వేయించారో కనుక్కుంటే అడిగి తవ్విద్దాం.

కొండవీడు బాట:
మా నాన్నే వేయించాడండి. పేరు కూడా చెక్కించుకున్నాడు.