హబ్ (ప్రయాణికులు విమానం మారే ప్రధాన విమానాశ్రయం) వరకు వెళ్లే టికెట్ కంటే, అదే విమానంలో హబ్ దాటి వెళ్లే టికెట్ ఎందుకు చౌక?

విమాన టికెట్ల ధరల నిర్ణయంపై అవగాహన ఉన్నవారు నా సందేహం తీర్చవలసిందిగా మనవి. ఎకానమీ సీట్లన్నీ చూడడానికి ఒకేలా ఉన్నా, వాటిని వై, ఎం, క్యూ వంటి అక్షరాలతో సూచించే ఛార్జీల శ్రేణులుగా విభజిస్తారని, చౌక శ్రేణిలో ఒక్క సీటే మిగిలినప్పుడు రెండు అడిగితే రెండింటికీ పై శ్రేణి ధరే చూపవచ్చునని చదివాను. ఆలస్యంగా కొనే వ్యాపార ప్రయాణికుల కోసం కొన్ని సీట్లు అట్టిపెట్టడమూ సబబుగానే ఉంది. 1972లో బ్రిటిష్ విమానయాన సంస్థ బీఓఏసీకి చెందిన కెన్ లిటిల్‌వుడ్ చెప్పిన సూత్రం సారాంశమూ దాదాపు అదే.

నాకు కొరుకుడు పడనిది కనెక్టింగ్ ప్రయాణాల సంగతి. హబ్‌లో దిగిపోయేవారి కంటే, అక్కడ విమానం మారి మరో నగరానికి వెళ్లేవారు కొన్నిసార్లు తక్కువ చెల్లిస్తారు. రెండు విమానాల్లో రెండు సీట్లు వాడుకునే వ్యక్తి దగ్గర తక్కువ తీసుకుంటే (ఇంధనం, సామాను మార్పిడి ఖర్చులు సరేసరి) సంస్థకు ఎలా గిట్టుబాటవుతుంది? గమ్యస్థానానికి ఉన్న పోటీని బట్టే మొత్తం ప్రయాణానికి వెల కడతారనుకుంటే, ఆ సొమ్మును రెండు విమానాల ఖాతాల్లోకి ఏ ప్రాతిపదికన పంచుతారు? మొదటి విమానంలో మిగిలిన చివరి సీటును ఎవరికి అమ్మాలన్నది పూర్తిగా సాఫ్ట్‌వేరే తేలుస్తుందా, లేక విశ్లేషకులు కూడా జోక్యం చేసుకుంటారా?