నౌకాదళం సత్తాను దేనితో కొలవాలి?

దేవరకొండ పాఠకుడు:
ఓడలు లెక్కపెడితే చాలంటాను. చైనాకు 370కి పైగా యుద్ధనౌకలు, జలాంతర్గాములు ఉన్నాయని అమెరికా రక్షణ శాఖ 2023 నివేదికలో రాసింది. మనకు అందులో సగం కూడా లేవు. ఏ ఓడా ఒకేసారి రెండు చోట్ల ఉండలేదు. మిగతా కొలమానాలన్నీ ఓడలు తక్కువైనవాళ్లు చెప్పుకునే ఊరట.

మిర్యాలగూడ వాసి:
ఆ 370లో ఈ రోజు లంగరెత్తి బయల్దేరగలిగేవి ఎన్ని? ఏ దేశంలోనైనా కొన్ని మరమ్మతులో ఉంటాయి, కొన్నింటికి శిక్షణ పూర్తి కాదు. రేవులో కట్టేసిన ఓడను బలం కింద ఎలా రాస్తారు?

జడ్చర్ల లెక్కల మాస్టారు:
అసలు ముందు అడగాల్సింది ‘ఆ ఓడ ఏ పనికి?’ అని. రెండో ప్రపంచ యుద్ధంలో మధ్యధరా సముద్రంలో బ్రిటిష్ సరుకు ఓడలపై జర్మన్, ఇటాలియన్ విమానాలు విరుచుకుపడేవి. ఓడలకు విమాన విధ్వంసక తుపాకులు బిగించారు. కొంతకాలానికి లెక్క తీస్తే, దాడికి వచ్చిన విమానాల్లో అవి కూల్చింది దాదాపు 4 శాతమే. ఇంత ఖర్చు దండగ, తీసేద్దామన్న మాట వచ్చింది. అప్పుడు విశ్లేషకులు లెక్కను మరోవైపు నుంచి చూశారు. తుపాకులు పేల్చిన ఓడల్లో మునిగినవి సుమారు 10 శాతం, పేల్చనివాటిలో 25 శాతం. కాల్పులకు జంకి పైలట్ల గురి తప్పేది. తుపాకి బిగించింది ఓడ గమ్యం చేరడానికి, విమానాలను కూల్చి లెక్క చూపడానికి కాదు. తప్పుడు కొలమానాన్ని నమ్మి ఉంటే ఎందరో నావికులు నీటిపాలయ్యేవారు!

దేవరకొండ పాఠకుడు:
మాస్టారూ, మునిగిన ఓడలను లెక్కించడమూ లెక్కించడమేగా? పైగా అక్కడ నిజంగా జరిగిన దాడుల వివరాలు దొరికాయి. శాంతి కాలంలో మీకు ఆ శాతాలు ఎవరిస్తారు? కంటికి కనబడేది ఓడల సంఖ్యే.

మిర్యాలగూడ వాసి:
సంఖ్యనూ పరిమాణాన్నీ చూస్తే 1971 డిసెంబరు 4 రాత్రి కరాచీ దాడి జరిగేదే కాదు. నిపట్, నిర్ఘాత్, వీర్ తీర రక్షణ కోసం కట్టిన మన చిన్న క్షిపణి పడవలు. ఎక్కువ దూరం వెళ్లలేవు కాబట్టి వాటికి తోడుగా పెద్ద నౌకలు వెళ్లాయి. ఆ పడవలు పాకిస్థాన్ నౌకలు ఖైబర్, ముహాఫిజ్‌లను ముంచి తిరిగొచ్చాయి. కాగితం మీద వాటి బలమెంత?

పరిగి నుంచి:
మా పక్కనే వికారాబాద్ జిల్లా దామగుండం అడవి ఉంది. అక్కడ 2024 అక్టోబరు 15న శంకుస్థాపన చేసిన నౌకాదళ వీఎల్ఎఫ్ (అతి తక్కువ పౌనఃపున్య రేడియో తరంగాల) కేంద్రం నీటి అడుగున ఉన్న జలాంతర్గాములకు సందేశాలు పంపడానికి. ఓడల లెక్కలో అది సున్నా. అలాంటి కేంద్రమే లేకపోతే జలాంతర్గామి ఆదేశం కోసం పైదాకా రావాలి, వస్తే శత్రువు కంట పడే ప్రమాదం ఉంది.

నల్గొండ రైతు:
ఆ కేంద్రానికి ఇచ్చిన అడవి దాదాపు 2,900 ఎకరాలు. మూసీ పుట్టింది ఆ ప్రాంతంలోనే, హైదరాబాద్ దాటి వచ్చి మా జిల్లాలోనూ పారి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. ఆ వీఎల్ఎఫ్ కేంద్రం సత్తా కొలిచేవాళ్లు దాని ధరలో మా నీటినీ రాస్తున్నారా?

జడ్చర్ల లెక్కల మాస్టారు:
రాయాల్సిందే. దేవరకొండ వారికీ జవాబు ఇందులోనే ఉంది. పంపిన సందేశాల్లో ఎన్ని సకాలంలో అందాయో యుద్ధం లేకుండానే కొలవవచ్చు. ఆ అంకె రహస్యంగా ఉండాలంటే ఒప్పుకుంటాను. కొట్టిన చెట్లెన్ని, బతికించిన మొక్కలెన్ని అన్నది ఏ శత్రువుకూ పనికొచ్చే సమాచారం కాదు. అది ఏటా ప్రజల ముందు పెట్టాలి.